పీకే ముందు పేరు తెలియాలి

బతుకమ్మ దగ్గర పడిందంటే గోదావరిఖనిలో గునుగు కట్టలు అమ్మకానికి వస్తాయి. తెల్లటి కంకులను రంగునీళ్లలో ముంచి తీసి, తంగేడు పూల మధ్య వరుసలుగా పేర్చి, ఆ పూలనే అమ్మవారిగా కొలిచి చుట్టూ తిరుగుతూ ఆడతారు. అంతకు రెండు నెలల ముందు అదే గునుగు చుట్టుపక్కల ఊళ్ల పత్తిలో, మక్కచేనులో కలుపు. దాన్ని తీయడానికి రైతు కూలీలను పెట్టాడు, లేదా గడ్డిమందు కొట్టాడు. ఇక సింగరేణి క్వార్టర్ల ముందు పూలమడుల్లో ముద్దగా, ఎర్రగా పూసే పట్టుకుచ్చు పువ్వు సంగతి చూడండి. వృక్షశాస్త్రం లెక్కలో అది గునుగుకు పరాయిది కాదు. రెండూ సెలోసియా అర్జెంటియా అనే ఒకే జాతి. పువ్వు ముద్దగా వచ్చిన రకాన్ని మనుషులు ఏరి ఏరి పెంచుకుంటూ వచ్చారు, సన్న కంకి రకాన్ని చేనుకు వదిలేశారు. నైజీరియాలో ఇదే మొక్కను మడులు కట్టి ఆకుకూరగా పండిస్తారు, యొరుబా వాళ్లు దాన్ని సోకో అంటారు. తూర్పు ఆఫ్రికాలో జొన్నకు పట్టే స్ట్రైగా అనే పరాన్న కలుపును తగ్గిస్తుందని దీనికి పేరుంది. చేనులో వద్దనుకున్నదాన్నే తాంబాళంలో దేవతను చేశాం, గుమ్మం ముందు అలంకారం చేసుకున్నాం, మరో ఖండంలో కూర వండుకుంటున్నారు. ఇన్ని తీర్పులూ ఒక్క మొక్క మీద. అలాంటప్పుడు ఇది కలుపు, ఇది కాదు అని తేల్చేది ఎవరు, దేన్నిబట్టి?

ఈ ప్రశ్న బొగ్గుబెల్టుకు కొత్తగా వచ్చింది కాదు కానీ, ఇప్పుడు దాని బరువు పెరిగింది. 2019లో పల్లె ప్రగతి, 2020 ఫిబ్రవరిలో పట్టణ ప్రగతి మొదలయ్యాక ‘పిచ్చి మొక్కల తొలగింపు’ అనేది పనుల జాబితాలో ఒక స్థిరమైన అంశమైంది. యైటింక్లయిన్‌ కాలనీ అయినా, సెంటినరీ కాలనీ అయినా, రామగుండం కార్పొరేషన్ డివిజన్లయినా వానాకాలంలో జరిగే పని ఒకటే. ఖాళీ జాగాలో ఉన్న పచ్చదనాన్నంతా గీకేస్తారు. ఏ మొక్క ఏదన్న విచారణ ఉండదు. ఎవరూ నాటకుండా మొలిచిందా లేదా అన్నదొక్కటే కొలత. నాటింది మొక్క, నాటనిది పిచ్చి మొక్క. ఈ కొలత తప్పని నా వాదన. ‘నాకు ఇక్కడ ఇది అక్కర్లేదు’ అన్న మాట ఒకటి, ‘ఇది అందరికీ చెరుపు చేస్తుంది’ అన్న మాట ఇంకొకటి. మొదటిది ఇంటివాళ్ల ఇష్టం, రెండోది ఊరి వ్యవహారం. ఈ రెండింటినీ కలిపేసినందువల్ల చెరుపు చేయనివాటిని ఊరుమ్మడిగా పీకుతున్నాం, చెరుపు చేసేవాటిని ఒక్కోసారి ఊరుమ్మడిగా నాటుతున్నాం.

అవసరాన్నిబట్టే విలువ మారుతుందన్న సంగతి బొగ్గు మీద బతికే ఊరికి విడమరిచి చెప్పనక్కర్లేదు. ఓపెన్‌కాస్టులో బొగ్గుపొర మీద ఉన్నదంతా ఓబీ. రాయి, ఇసుక, చెలక మట్టి అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. రైతుకు ప్రాణంతో సమానమైన పైమట్టి బొగ్గు లెక్కలో తీసి పక్కన పోయవలసిన ఖర్చు. ఆ ఓబీలోంచే ఇసుకను వేరుచేసే ప్లాంట్లు సింగరేణి పెట్టుకున్నాక, నిన్నటి వ్యర్థానికి ఇవాళ విలువ వచ్చింది. మట్టి గుణం ఏమీ మారలేదు, వాడుకునే దారి దొరికింది, అంతే. అసలు ఆ బొగ్గే 25 కోట్ల ఏళ్ల కిందటి మొక్కల శేషం. గ్లాసోప్టెరిస్ అనే నాలుక ఆకారపు ఆకుల చెట్లు గోదావరి లోయ చిత్తడి నేలల్లో పెరిగి, కూలి, పొరలై గట్టిపడ్డాయి. వాటిని మంచి మొక్కలు, చెడ్డ మొక్కలు అని వేరుచేసే మనిషి అప్పటికి పుట్టలేదు. కలుపు అన్న విభజన మనిషితో వచ్చింది, అదీ మనిషి ఒక నేలకు ఒక పని అప్పజెప్పిన రోజున వచ్చింది.

గరికను చూస్తే ఈ విషయం ఇంకా తేటపడుతుంది. 1977లో లెరాయ్ హోమ్, ఆయన సహచరులు ప్రపంచంలోని అత్యంత చెడ్డ కలుపు మొక్కల మీద ఒక పెద్ద గ్రంథం వెలువరించారు. అందులో మొదటి స్థానం తుంగది. రెండో స్థానం గరికది. వినాయక చవితి నాడు మనం వెతికి తెచ్చుకునే గరికే అది. ఆఫీసుల ముందు, గెస్ట్‌హౌస్‌ల ముందు పచ్చిక పరిచేటప్పుడు ఎక్కువగా వేసేది కూడా గరిక జాతినే. ఆ పచ్చికలో తుంగ మొలిస్తే తోటమాలి తుంగను పీకుతాడు. నాలుగడుగుల అవతల వంకాయ మడిలోకి గరిక పాకితే గరికను పీకుతాడు. ఆయుర్వేద వైద్యుడికి తుంగముస్తలు మందు. చవితి పత్రిలో ఉత్తరేణి, ఉమ్మెత్త, జిల్లేడు, వాకుడు ఉన్నాయి. పూజ రోజున ఇవి కట్టలుగా కొనేవాళ్లున్నారు. మర్నాటి నుంచి అవన్నీ ప్రహరీ పక్కన పీకేయవలసినవే. ఈ తీర్పుల్లో ఏదీ అబద్ధం కాదు. వంకాయ మడి పెట్టుకున్న ఇల్లాలు గరికను తీసేయడం న్యాయమే, ఆ మడి ఆమె చెమట. కాకపోతే ఆ తీర్పు ఆ మడి గట్టు దాకానే చెల్లుతుంది. గట్టు దాటి ఊరంతటికీ అదే తీర్పు రాసేయడం దగ్గర తప్పు మొదలవుతుంది.

కలుపును గుర్తుపట్టడానికి చాలామంది చెప్పే మరో కొలత పుట్టిల్లు. మన నేలది మంచిది, పరాయిది చెడ్డది అంటారు. వినడానికి బాగుంటుంది, నిలవదు. వయ్యారిభామ అనే కలుపు మెక్సికో వైపు నుంచి వచ్చింది. బంతి కూడా అక్కడి నుంచే వచ్చింది. వృక్షశాస్త్రంలో రెండూ ఒకే కుటుంబం, చేమంతి కుటుంబం. బతుకమ్మ మీద గునుగు పక్కనే బంతిని పేరుస్తాం, దసరా నాడు గుమ్మానికి కడతాం. ఎవరికీ అది పరాయిదని తోచదు, తోచనవసరం లేదు కూడా. క్వార్టర్ పెరట్లో ఉండే మిరప, టమాట, బొప్పాయి, జామ అన్నీ అమెరికా ఖండాల నుంచి వచ్చి మన వంటింట్లో కుదురుకున్నవే. పుట్టిల్లును కొలతగా తీసుకుంటే ముందు పచ్చిమిరపను పీకాలి. ఇంకోవైపు, మన దేశపు చెట్టే అయినా ఏడాకుల చెట్టు మీద విశాఖపట్నంలో ఎంత అసంతృప్తి వచ్చిందో తెలిసిందే. 2014లో హుద్‌హుద్ తుపాను చెట్లను కూల్చేశాక వీధుల వెంట వాటిని విరివిగా నాటారు. పూతకాలంలో రాత్రిళ్లు ఆ ఘాటు వాసన భరించలేక జనం ఫిర్యాదులు చేశారు. అడవిలో ఒకటీ అరా ఉన్నప్పుడు లేని ఇబ్బంది కిటికీల ముందు బారులు తీరితే వచ్చింది. మొక్క ఎక్కడిదన్నదాని కంటే, ఎంత ఉంది, ఎక్కడ ఉంది, పక్కవాటిని ఏం చేస్తోంది అన్నవే అడగవలసిన ప్రశ్నలు.

ఈ ప్రశ్నలు వేయకపోతే ఏం జరుగుతుందో చరిత్రలో రాసే ఉంది. మన దేశానికి అత్యంత నష్టం చేసిన మొక్కల్లో చాలావాటిని ఎవరో ఒకరు ముచ్చటపడి తెచ్చి నాటారు. లాంటానా 1809లో కలకత్తా వృక్షోద్యానానికి అందమైన పూలకంచెగా వచ్చింది. 2020లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం మన పులుల అడవుల్లో 40 శాతానికి పైగా దాని కింద ఉంది. గుర్రపుడెక్కను 19వ శతాబ్దం చివర్లో దాని ఊదారంగు పువ్వు కోసం బెంగాల్‌కు తెచ్చారు. ఆ తర్వాత అది ఎక్కని చెరువు లేదు. సర్కారు తుమ్మ కథ మన తెలుగు నేలదే. మద్రాసు ప్రెసిడెన్సీ అటవీశాఖ వంటచెరకు కరువు తీరుతుందని విత్తనం తెప్పించి 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటించింది. ఊరి జనం దానికి పెట్టిన పేరులోనే నాటింది ఎవరో ఉంది. వయ్యారిభామ సంగతిలో కూడా అందరూ చెప్పుకునే కథ పూర్తిగా నిలవదు. పీఎల్-480 అనే అమెరికా ఆహార ఒప్పందం కింద వచ్చిన గోధుమలతో వచ్చిందంటారు. పుణెలో దాన్ని గమనించింది 1955లో, ఆ ఒప్పందం మీద సంతకాలైంది 1956 ఆగస్టులో. అంతకుముందు వచ్చిన అమెరికా గోధుమల వెంట గింజలు కొన్ని వచ్చి ఉండొచ్చు. అయితే 1814లో వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ ప్రచురించిన కలకత్తా తోట మొక్కల జాబితాలోనే దాని పేరుంది. అంటే దాన్ని కూడా ఒకప్పుడు తోటలో పెంచి చూశారన్నమాట.

ఇది పాత కాలపు అజ్ఞానం అనుకుని సర్దుకుపోవడానికి వీల్లేదు. 2015లో హరితహారం మొదలయ్యాక త్వరగా, నిటారుగా, నీళ్లు అంతగా అడక్కుండా పెరిగే చెట్టు కావాల్సి వచ్చింది. కోనోకార్పస్ ఆ లెక్కకు సరిగ్గా సరిపోయింది. డివైడర్ల మీద, కాలనీ దారుల్లో, పార్కు గోడల వెంట దాన్ని వరుసలుగా నిలబెట్టారు. పదేళ్లు తిరగకుండానే అది అభ్యంతరకరమైన చెట్టయింది. తెలంగాణలో నాటొద్దని ఆదేశాలు వచ్చాయి, 2023లో గుజరాత్, 2025లో తమిళనాడు నిషేధించాయి. దాని మీద వచ్చిన ఆరోపణలకు అన్నిటికీ ఒకే బలం లేదు. పుప్పొడి వల్ల శ్వాస ఇబ్బందులన్నదాని కంటే, వేళ్లు పైపులైన్లలోకి, డ్రైనేజీల్లోకి చొరబడతాయన్నదానికి, పిట్టలకూ పురుగులకూ పెద్దగా పనికిరాదన్నదానికి ఆధారాలు గట్టిగా కనిపిస్తాయి. నా మాట ఆ చెట్టు మంచిదా చెడ్డదా అన్నది కాదు. దాన్ని ఎంచినప్పుడు ‘నాటింది కాబట్టి మంచిది’ అనుకున్నాం. అదే ఏడాది, అదే దారి పక్కన తంగేడు మొలకను ‘నాటలేదు కాబట్టి పిచ్చిది’ అని కొట్టేశాం. తంగేడు పువ్వు మన రాష్ట్ర పుష్పం. విత్తనం పడితే ఎండకు తట్టుకుని రాళ్లలో కూడా వస్తుంది. బొగ్గుధూళి కమ్ముకునే, వేసవిలో 45 డిగ్రీలు దాటే ఊరికి అంతకంటే సరిపడే పొద ఏముంటుంది?

ఇక్కడ ఎవరైనా అడగొచ్చు, అయితే కలుపు అనేదే లేదంటారా అని. బుద్ధుడి కాలపు వైద్యుడు జీవకుడి కథ చాలామందికి తెలుసు. పనికిరాని మొక్క ఒక్కటి వెతికి తెమ్మని గురువు తక్షశిల చుట్టూ పంపితే, అలాంటిది ఎక్కడా దొరకలేదని ఉత్త చేతులతో తిరిగొచ్చాడట. అది వైద్యుడి చూపు, గొప్ప చూపు. కానీ ఆ ఒక్క కథ మీద ఊరిని నడపలేం. ప్రతి మొక్కలో ఏదో ఒక మందు ఉండొచ్చు, అంతమాత్రాన అది మన బడి ఆవరణలో ఎకరాల కొద్దీ ఉండాలని కాదు. వయ్యారిభామలో పార్థెనిన్ అనే పదార్థం ఉంటుంది. అది చర్మానికి తగిలితే కొందరికి దద్దుర్లు, పుండ్లు వస్తాయి. గాలిలో ఎగిరే దాని పొడివల్ల ముఖం, మెడ మంటెక్కి ఏళ్ల తరబడి బాధపడేవాళ్లున్నారు. పశువులు తింటే పాలు చేదెక్కుతాయి. ఒక్క మొక్క వేల విత్తనాలు వేస్తుంది, తేమ ఉంటే ఏడాదికి నాలుగైదు తరాలు నడుస్తాయి, చుట్టూ వేరే మొక్కలను మొలవనివ్వదు. ఇది ఎవరి ఇష్టానిష్టాలకూ సంబంధించినది కాదు. ఒకరి జాగాలో వదిలేస్తే పది ఇళ్ల వాళ్ల ఒంటి మీదికి వస్తుంది. పంటల్లో నష్టం కూడా కల్పన కాదు. జబల్‌పూర్‌లోని కలుపు పరిశోధన డైరెక్టరేట్ శాస్త్రవేత్తలు 2018లో వేసిన అంచనాలో పది ప్రధాన పంటలకు కలుపు వల్ల ఏటా జరిగే నష్టం 1,100 కోట్ల డాలర్లు. ఎండలో వంగి కలుపు తీసే ఆడకూలీ నడుముకు ఈ సంగతి ఏ అంచనా లేకుండానే తెలుసు. అందుకే నేను కలుపు లేదనడం లేదు. గట్టు దాటి చెరుపు చేసేదాన్ని ఊరు కలిసి తీసేయాలి, గట్టు లోపలి కలుపును ఆ మడి వాళ్లకు వదిలేయాలి, ఈ రెండూ కానిదాని జోలికి పోకూడదు అంటున్నాను.

మూడోదాని జోలికి పోతే ఏమవుతుందన్నదే ఈ వాదనకు గుండెకాయ. వయ్యారిభామ దట్టంగా వేరే మొక్కలున్న చోట నెగ్గుకురావడానికి కష్టపడుతుంది. దానికి కావలసింది ఖాళీ నేల. తవ్విన కట్టలు, గీకిన మైదానాలు, రోడ్డు అంచులు, కొత్తగా పోసిన మట్టి, ఇవే దాని నెలవులు. బొగ్గుబెల్టులో ఇలాంటి నేలకు కొదవలేదు. జబల్‌పూర్ శాస్త్రవేత్తలు దాని అదుపుకు చెప్పే ఉపాయాల్లో ఒకటి పోటీ మొక్కలను పెంచడం. ఆ పోటీ మొక్కల జాబితాలో ముందుండేది తంటెం, కొన్నిచోట్ల తగిరిస అంటారు. బంతి కూడా అందులో ఉంది. తంటెం గింజలను ముందే చల్లిపెడితే తొలకరికి గుంపుగా మొలిచి, నీడ కప్పి వయ్యారిభామను అణచివేస్తుంది. ఇప్పుడు మన కాలనీల్లో వానాకాలపు శుభ్రతను చూడండి. తంటెం, గునుగు, తుమ్మి, గలిజేరు, గడ్డిచేమంతి అన్నీ ఒకే దెబ్బకు పోతాయి. నేల బోసిపోతుంది. నెల తిరిగేసరికి ఆ బోసినేల మీద అన్నిటికంటే ముందు లేచేది, పువ్వు పూసేది వయ్యారిభామ. మళ్లీ పిచ్చి మొక్కలు పెరిగాయని మరోసారి గీకుతారు. కావలి ఉన్న మొక్కలను తీసేసి శత్రువుకు చోటిచ్చే ఈ పనికి ప్రతి ఏడాదీ డబ్బు ఖర్చవుతోంది, పారిశుద్ధ్య కార్మికులు చేతికి తొడుగు కూడా లేకుండా ఆ మొక్కను పట్టి పీకుతున్నారు. ఇది నాకు అన్నిటికంటే బాధ కలిగించే సంగతి.

పాములు, దోమల మాటేమిటని కాలనీవాసులు అడుగుతారు. అది గట్టి ప్రశ్నే, దాన్ని తోసిపుచ్చకూడదు. రాత్రి షిఫ్టు దిగి చీకట్లో ఇంటికి నడిచి వచ్చే కార్మికుడికి దారి పక్కన నడుమెత్తు పొద భయమే. ఇంటి చుట్టూ, దారి వెంట, పిల్లలు ఆడే చోట గడ్డి పొట్టిగా ఉంచుకోవడం అవసరం. అయితే డెంగీ దోమ గుడ్లు పెట్టేది మొక్కల మీద కాదు. డ్రమ్ముల్లో, కూలర్లలో, పాత టైర్లలో నిలిచిన నీళ్లలో పెడుతుంది. పొదలు దానికి పగటి ఆసరా మాత్రమే. పాము వచ్చేది ఎలుక కోసం, ఎలుక వచ్చేది చెత్తకుప్ప కోసం. చెత్త ఎత్తకుండా, నీళ్లు పారబోయకుండా మొక్కలను గీకితే చూపుకు శుభ్రంగా ఉంటుందే తప్ప రోగం ఆగదు. పైగా పొట్టిగా కోయడం వేరు, వేళ్లతో పెళ్లగించడం వేరు. కోస్తే నేల మీద కప్పు ఉంటుంది, పెళ్లగిస్తే వయ్యారిభామకు మడి కట్టిచ్చినట్టే. అందువల్ల భయం ఉన్న చోట కోయండి, పేరు తెలిసిన చెరుపు మొక్కను పీకండి. ఇళ్లకు దూరంగా, గోడల అవతల, కాలువ కట్టల మీద మిగిలిన పచ్చదనాన్ని ఉండనివ్వండి.

ఓబీ గుట్టల మీద మాత్రం వాదన కొంచెం మెలిక తిరుగుతుంది. అక్కడ ఏ పచ్చదనం మొలిచినా లాభమే కదా, ఏరుకోవడానికి స్తోమత ఎక్కడిది అని అనేవాళ్లున్నారు. వాళ్ల మాటలో సగం నిజం. మామూలు నేల పైపొరలో గడ్డి, మొక్కల విత్తనాలు ఏళ్ల తరబడి నిద్రపోతూ ఉంటాయి. ఓబీ గుట్ట మీద వరస తిరగబడుతుంది, లోపలెక్కడో ఉన్న రాయి, మన్ను పైకొస్తుంది. అందులో విత్తనం ఉండదు, నత్రజని ఉండదు, నీటిని పట్టే గుణం ఉండదు. అలాంటి చోట ముందు మొరటు మొక్కలే రావాలి. సుబాబుల్ లాంటిది గాలిలోని నత్రజనిని నేలకు ఎక్కిస్తుంది, ఆకు రాల్చి మట్టి చేస్తుంది. తొలి మెట్టుగా దాన్ని నేను కాదనను. కానీ తొలి మెట్టు దగ్గరే ఆగిపోతే గుట్ట అడవి కాదు. సుబాబుల్ కాయలు పేలి దాని మొలకలే దాని కింద దట్టంగా లేస్తాయి, ఇంకోదానికి చోటివ్వవు. ప్రపంచంలోని 100 అత్యంత చెడ్డ ఆక్రమణ జాతుల జాబితాలో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య దాన్ని ఊరికే చేర్చలేదు. సింగరేణికి సొంత ఫారెస్ట్రీ విభాగం ఉంది, నర్సరీలు ఉన్నాయి, పెద్ద ఎత్తున నాటిన అనుభవం ఉంది. రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్న ప్రజల సంస్థ అది. వెంపలి, తంగేడు, తంటెం, జిల్లేడు, ఊళ్ల బీళ్లలో తమంతట తాము పెరిగే గడ్డి జాతులు, వీటి గింజను సేకరించి చల్లడం మొక్క తెచ్చి గుంత తీసి నాటడం కంటే ఖరీదైన పని కాదు. ఎన్ని మొక్కలు నాటాం అన్న లెక్క పక్కన, ఎన్ని జాతులు తమంతట తాము వచ్చి నిలిచాయి అన్న లెక్క కూడా రాసుకుంటే గుట్ట బాగుపడుతోందో లేదో అప్పుడు తెలుస్తుంది.

ఏ మొక్క ఏదో ఎవరికి తెలుసు అన్న సందేహం రావచ్చు. తెలిసినవాళ్లు ఈ కాలనీల్లోనే ఉన్నారు. భూములు ఓపెన్‌కాస్టు కింద పోయి, ఊళ్లు లేచిపోయి కాలనీలకు, పునరావాస గ్రామాలకు వచ్చిన కుటుంబాల్లో పెద్ద వయసు ఆడవాళ్లున్నారు. చేనులో కలుపు తీస్తూనే కొంగులో కూరాకు ఏరుకున్న తరం అది. గంగవాయిలి కూర పప్పులోకి, పొన్నగంటి వేపుడుకు, తుమ్మికూర వినాయక చవితికి, లేత గునుగాకు, లేత తంటెం ఆకు కూరకు. జొన్నచెంచలి, దొగ్గలి, అటికమామిడి, ఇలా వాళ్లు చెప్పగలిగే పేర్లు మున్సిపల్ పనుల కాగితంలో ఒక్కటి కూడా లేవు. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఈ సాగు చేయని కూరలను లెక్కగట్టి, వండి చూపించి, పేద ఇంటి పోషణలో వాటి చోటును లోకానికి తెలిపాయి. కలుపు తీసే మనిషి దృష్టిలో చేను రెండుగా ఉండదు. పంటకు అడ్డొచ్చేది, కూరకు పనికొచ్చేది, మందుకు దాచేది, పశువుకు వేసేది, అసలు పనికిరానిది అని ఎన్నో అరలు ఉంటాయి. గడ్డిమందు వచ్చాక ఆ అరలన్నీ చెరిగి రెండే మిగిలాయి. మక్కలో అట్రజిన్ కొడితే గునుగు లేవదు. గడ్డిమందును తట్టుకునే పత్తి విత్తనం అనుమతి లేకున్నా చాటుగా అమ్ముడవుతోంది, దాని మీద గ్లైఫోసేట్ కొడితే పత్తి తప్ప మరోటి మిగలదు. 2022 అక్టోబరులో కేంద్రం ఆ మందు వాడకాన్ని కట్టడి చేసింది, అయినా చేలల్లో పరిస్థితి అంతగా మారలేదు. కూలి రేటు పెరిగినప్పుడు రైతు మందు వైపు వెళ్లడాన్ని నేను తప్పుపట్టను, ఆయన లెక్క ఆయనది. కానీ పంట లేని చోట, కాలనీ ఖాళీ జాగాలో, అమ్ముకునే గింజ ఏదీ పండని చోట కూడా మనం పత్తిచేను చూపుతోనే చూడటం దేనికి? చేలల్లో చోటు పోగొట్టుకున్న గునుగుకు, తుమ్మికి మిగిలిన ఆసరా ఈ ఖాళీ జాగాలే. అక్కడ కూడా గీకేస్తే ఇక బతుకమ్మకు పువ్వు కొనుక్కోవడం ఒక్కటే దారి, ఆ అమ్మేవాళ్లు కూడా ఏటా ఇంకాస్త దూరం వెళ్లి తేవలసి వస్తుంది.

చేయవలసింది పెద్ద పథకం కాదు. కాలనీల్లో, డివిజన్లలో శుభ్రత పని అప్పగించే కాగితం మీద ‘పిచ్చి మొక్కలు’ అని ఉన్న చోట పేర్లు రాయాలి. వయ్యారిభామను పీకాలి, లాంటానాను వేళ్లతో తవ్వాలి, సర్కారు తుమ్మ మొలకలను, సుబాబుల్ మొలకలను నారు దశలోనే తీయాలి, చెరువుల్లో గుర్రపుడెక్కను ఎత్తాలి. మిగిలినవాటిని దారి వెంట కోయాలి, దూరంగా ఉన్నచోట వదలాలి. పని చేసేవాళ్లకు చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ ఇవ్వాలి. పని కాలం కూడా మార్చుకోవాలి. వయ్యారిభామ మీద జాతీయ అవగాహన వారం ఆగస్టు 16 నుంచి 22 దాకా జరుగుతుంది. తొలకరికి మొలిచిన మొక్క అప్పటికే పూసి గింజ రాల్చి ఉంటుంది. మన దగ్గర మొదటి వానల తర్వాత మూడు నాలుగు వారాల్లోనే, పువ్వు రాకముందు, నేల తడిగా ఉండగా పీకితే వేరుతో సహా వస్తుంది. పూయని మొక్కను ఎరువుగుంతలో వేయొచ్చు కూడా. వయ్యారిభామ ఆకులను తినే మెక్సికో పెంకుపురుగును 1984లో బెంగళూరులో వదిలారు. వానాకాలంలో ఆ పురుగు మేస్తున్న చోట మందు కొట్టకపోతే చాలు. పీకిన చోటును బోసిగా వదలకుండా అదే రోజు తంటెం గింజలు, నిరుటి గునుగు గింజలు చల్లాలి. తంటెం కాయలు చలికాలంలో ఎండుతాయి, బడిపిల్లలు ఒక్క పూట తిరిగితే బస్తా నిండుతుంది. సద్దుల బతుకమ్మ అయ్యాక గట్ల మీద మిగిలిన గునుగు కంకులను ఎండనిచ్చి దులిపితే నల్లగా మెరిసే సన్న గింజ రాలుతుంది. దాన్ని పొడి డబ్బాలో పెట్టి, కాలనీ గోడ వెంట ఏ వైపు చల్లాలో వచ్చే జూన్ లోపల తేల్చుకుంటే సరిపోతుంది.